సాంచాల మోతలో గిటారు

ప్రవళిక స్టేజీ మీద గిటారు వాయించడం వాళ్ల బాపు మొదటిసారి చూసింది లక్సెట్టిపేటలో, వినోద తమ్ముడి కొడుకు పెళ్లిలో. వినోద ప్రవళిక వాళ్ల అమ్మ.

అప్పటికి ప్రవళిక కరీంనగర్‌లోని ఒక ఆర్కెస్ట్రాలో చేరి మూడేళ్లయింది. దాన్ని నడిపేది కరుణాకర్. పెళ్లిళ్లకు, కాలేజీ వార్షికోత్సవాలకు, సంఘాల పండుగలకు ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యానులో సామాను వేసుకుని పోతారు. పాడేవాళ్లు ఇద్దరు, డ్రమ్స్, బేస్, కీబోర్డు, ఒక గిటారు. ఆ గిటారు ప్రవళికది. డిగ్రీ చదివే రోజుల్లో ఒక సీనియర్ దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు కరీంనగర్‌లోనే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు సంగీతం చెబుతూ, సెలవు రోజుల్లో ప్రోగ్రాములకు పోతోంది.

బాపు పరశురాములు సిరిసిల్లలో నలభై ఏళ్లుగా సాంచాల మీద పని చేస్తున్నాడు. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచ అంటారు. షిఫ్టు వదిలి రావడం కుదరక కూతురి ప్రోగ్రాము ఒక్కటీ చూడలేదు. ఇప్పుడు బావమరిది ఇంటి పెళ్లి కాబట్టి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. పాటలు మొదలవకముందే ముందు వరుసలో కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు.

ప్రవళిక ఆ రోజు కోసం మూడు వారాలు కష్టపడింది. గిటారుకూ స్పీకరుకూ మధ్య పెట్టుకునే ప్రాసెసర్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. గిటారు గొంతు, అంటే టోన్, ఎట్లా ఉండాలో అందులో మార్చుకోవచ్చు. హాస్టల్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రోజూ బడి నుంచి రాగానే ఆ పెట్టె ముందు కూర్చుని మీటలు తిప్పింది. గరుకుగా తగిలే మధ్య భాగం తగ్గించింది. పైన మెరుపు పెంచింది. వెనక ప్రతిధ్వని కలిపింది. చివరికి ఒక్క తీగ మీటితే చాలు, పెద్ద గుడి మండపంలో గంట మోగి నెమ్మదిగా ఆరిపోయినట్టు వినిపించింది. కళ్లు మూసుకుని తన టోన్ తానే వింటూ చాలాసేపు కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి.

లక్సెట్టిపేటలో రెండు పాటల్లో, చరణాల మధ్య వచ్చే పెద్ద బిట్లు వాయించింది. ఒక్క తప్పు కూడా పడలేదు. ప్రోగ్రాము అయ్యాక భోజనాల దగ్గరికి పోయి బాపు పక్కన కూర్చుంది. పరశురాములు సంతోషంగానే ఉన్నాడు. పాడిన పిల్లగాడి గొంతు బాగుందన్నాడు. డ్రమ్ము దెబ్బ ఛాతీలో తగిలిందన్నాడు. కాసేపు ఆగి, పక్కవాళ్లు వినకుండా ఆమె వైపు వంగాడు.

"నువ్వు ఎప్పుడు కొట్టినవ్ బిడ్డా? చేతులైతే ఆడుతున్నయ్. నాకేం ఇనబడలే."

ప్రవళిక ఏదో చెప్పి నవ్వేసింది. విస్తరిలో అన్నం అట్లాగే వదిలి లేచి, వ్యాను వెనక్కి పోయి నిలబడింది. మొదట ఏడుపు వచ్చింది. తరువాత కోపం వచ్చింది. కోపం లక్ష్మీరాజం మీదికి పోయింది.

లక్ష్మీరాజం ఆర్కెస్ట్రాకు సౌండ్ చూసే మనిషి. యాభై దాటింది. మైకులు, వైర్లు, పెట్టెలతో ముప్పై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాడు. ఆమె పోయేసరికి వైర్లు చుట్టుకుంటున్నాడు. నా గిటారును ఎందుకు తగ్గించావని సూటిగా అడిగింది. ఆయన కోపగించుకోలేదు. ప్రోగ్రాము మొత్తం సౌండ్ మిక్సర్‌లో రికార్డయి ఉంది. హెడ్‌ఫోన్స్ ఆమె చేతికిచ్చి, ఆమె బిట్ వచ్చే చోటు పెట్టాడు. ప్రవళిక విన్నది. గిటారు ఉన్నది. కానీ డ్రమ్స్ వెనక ఎక్కడో పొగలాగా ఉన్నది.

"నేను తగ్గియ్యలే బిడ్డా. పైకి నూకి నూకి ఏలు నొచ్చింది," అన్నాడు లక్ష్మీరాజం. "గది నువ్వొక్కదానివే రూముల కూసోని చేసుకున్న టోను. గాడ డ్రమ్ము లేదు, బేసు లేదు, పాడేటోళ్లు లేరు. అందుకే నీకు అంత మంచిగ ఇనబడ్డది."

ఆయన విడమరిచి చెప్పాడు. గిటారు సప్పుడులో లావుగా ఉండే కింది భాగాన్ని బేసు మింగేస్తుంది. సన్నగా ఉండే పై భాగాన్ని డ్రమ్స్ మీది తాళాలు కప్పేస్తాయి. గిటారు నిలబడే చోటు మధ్యలో ఉంటుంది. ఆ మధ్య భాగాన్నే ఆమె గదిలో కూర్చుని కోసేసింది. ఇక మిగిలిందేముంది?

ఆ మాటలు కరుణాకర్ చెవిన కూడా పడ్డాయి. ఆయన చెడ్డవాడు కాడు, ఊరికే ఒకరిని తక్కువ చేసి మాట్లాడడు. కానీ చాలా రోజులుగా మనసులో ఉన్నది ఆ రోజు బయటపెట్టాడు. ఈ టోన్ల గొడవంతా ఫోన్లో వీడియోలు పెట్టుకునేవాళ్లకని, పెళ్లికి వచ్చినవాళ్లకు పాడేవాడి గొంతూ దరువూ ఉంటే చాలని అన్నాడు. గిటారు బిట్లు సాయిచంద్ కీబోర్డు మీద వాయించగలడని, ఎండాకాలం సీజను నుంచి గిటారు లేకుండా చేసి చూద్దామనుకుంటున్నానని చెప్పాడు. సాయిచంద్ అక్కడే ఉండి తల వంచుకున్నాడు. ప్రవళిక గిటారు సంచిలో పెట్టి జిప్పు లాగింది. ఆ రికార్డింగును తన చెవులతో తానే విన్నది.

రెండు వారాల తరువాత ఒక ఆదివారం సిరిసిల్లలో నేతన్నల సొసైటీ భవనంలో చెవుల పరీక్ష శిబిరం పెట్టారు. పరశురాములు రానన్నాడు. వినోద ఊరుకోలేదు. ఇంట్లో తాను మూడుసార్లు పిలిస్తే గాని పలకడం లేదని, టీవీ మోతకు పక్కింటివాళ్లు తలుపులు మూసుకుంటున్నారని గట్టిగా పట్టుబట్టి, సెలవుకు ఇంటికి వచ్చిన కూతురిని తోడిచ్చి పంపింది.

పరీక్ష చేసే అమ్మాయి పరశురాములు చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టి, సప్పుడు వినబడినప్పుడల్లా వేలు ఎత్తమని చెప్పింది. ప్రవళిక పక్కనుంచి చూస్తోంది. మొదట అమ్మాయి మీట నొక్కినప్పుడల్లా వేలు లేచింది. కాసేపటికి వేలు లేవడం ఆగిపోయింది. అమ్మాయి మీట నొక్కుతూనే ఉంది. ఇంకా గట్టిగా పెట్టి నొక్కింది. పరశురాములు చేయి మోకాలి మీద అట్లాగే ఉంది. ఆయన చిన్నగా నవ్వుతూ ఆ అమ్మాయి వైపు చూస్తున్నాడు, తరువాతి సప్పుడు ఎప్పుడు పెడుతుందా అని ఎదురుచూస్తున్నట్టు. ప్రవళిక చూడలేక గోడకున్న క్యాలెండరు వైపు తిరిగింది.

డాక్టరు పద్మలత కాగితం చూసి నెమ్మదిగా, గట్టిగా మాట్లాడింది. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లకు ముందు సన్నటి సప్పుళ్లు పోతాయని, లావు సప్పుళ్లు చాలాకాలం నిలుస్తాయని చెప్పింది. పోయిన వినికిడి తిరిగి రాదు. చెవి మిషన్ పెట్టుకుంటే కొంత మేలు. ఉన్నది పోకుండా ఇకనుంచైనా పనిలో చెవులకు బిరడాలు పెట్టుకోవాలి. పరశురాములు తల ఊపి, బయటికి రాగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనకు అన్నీ వినబడుతున్నాయని, ఈ కాలం జనమే నోరు తెరిచి మాట్లాడడం లేదని కూతురితో వాదించాడు.

సాయంత్రం ఆయన చొక్కా కొయ్యకు తగిలిస్తే ప్రవళిక ఆ కాగితం తీసి చూసింది. దాని మీద ఒక గీత. పైన, లావు సప్పుడు నుంచి సన్న సప్పుడు దాకా, వరుసగా అంకెలు: రెండు వందల యాభై, ఐదు వందలు, వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు, ఎనిమిది వేలు. ఈ అంకెలు తనకు తెలుసుననిపించింది. సంచిలోంచి ప్రాసెసర్ తీసి పక్కన పెట్టింది. దాని తెర మీద కూడా అవే అంకెలు, అదే వరుస. వాటినే కదా మూడు వారాలు పైకీ కిందికీ జరిపింది.

బాపు గీత వెయ్యి దాకా దాదాపు సమంగా నడిచింది. రెండు వేల దగ్గర జారింది. నాలుగు వేల దగ్గర కాలు జారినట్టు కింద పడింది. ఆమె టోన్‌లో ఐదు వందలూ వెయ్యీ తగ్గించి ఉన్నాయి. నాలుగు వేలకు పైన అంతా పెంచి ఉంది. బాపుకు ఏ సప్పుడు అందదో, సరిగ్గా అక్కడే తన గిటారునంతా తీసుకుపోయి పెట్టింది. మామూలు చెవులవాళ్లకే గిటారు పొగలాగా వినబడుతుంటే బాపుకు ఎట్లా వినబడుతుంది? ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. సిరిసిల్లలో బాపులాంటి చెవులు ఇంకెన్ని ఉంటాయో అనుకుంది.

వారం తరువాత బడికి సెలవు పెట్టి, చిన్న స్పీకరు పెట్టె పట్టుకుని బాపు పనిచేసే షెడ్డుకు పోయింది. సాంచాల యజమానిని అక్కడ ఆసామి అంటారు. ఆసామి అంతయ్య మొదట పని చెడుతుందన్నాడు. సంగతంతా విన్నాక, తలుపు పక్కన కాస్త చోటు చూపించి కూర్చోమన్నాడు.

పన్నెండు సాంచాలు నడుస్తున్నాయి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. పనివాళ్లు పెదవులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. ప్రవళికకు లక్సెట్టిపేట గుర్తొచ్చింది. కింద లావు దెబ్బలు, పైన ఇనుప గలగల. డ్రమ్సూ బేసూ కలిసి మోగే చోటు కూడా ఇట్లాగే ఉంటుంది. బాపు చెవి దగ్గర నోరు పెట్టి, గిటారు వినబడితే వేలు ఎత్తమని, ఇటు మాత్రం చూడొద్దని చెప్పింది. ఆయన సరేనని తన సాంచ దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి తెగిన పోగు అతుక్కుంటూ నిలబడ్డాడు.

ముందు గుడి గంటలాంటి ఆ టోన్ వాయించింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఆమెకే తన గిటారు వినబడలేదు. ప్రతిధ్వని తీసేసింది. కింది బరువు కోసేసింది. పైన మెరుపు దించేసింది. తీసేసిన ప్రతిదానికీ ప్రాణం కాస్త ఉసూరుమంది. తరువాత ఐదు వందల నుంచి వెయ్యి దాకా ఉన్న మధ్య భాగాన్ని కొంచెం కొంచెంగా పైకి తెచ్చింది. ఒక్కొక్క మార్పుకూ ఒకే పాట బిట్‌ను మళ్లీ మళ్లీ వాయించింది. వేళ్లు నొప్పి పెట్టాయి. అంతయ్య రెండుసార్లు వచ్చి చూసి పోయాడు.

దాదాపు గంట గడిచాక, వీపు ఇటే ఉండగా, పరశురాములు కుడిచేతి వేలు లేచింది.

ప్రవళిక ఆపింది. వేలు దిగింది. మళ్లీ మీటింది. మళ్లీ లేచింది. ఎడమచేత్తో పోగు పట్టుకుని ఉన్నాడు, వేలు మాత్రం గాలిలో ఉంది. చివరి సాంచ దగ్గరున్న ముసలాయన హనుమండ్లు కూడా తల తిప్పి చూశాడు. పని వదిలి వచ్చి ఇది ఏ పాట అని ఆమె చెవిలో అరిచి అడిగాడు. పేరు చెబితే, తన పెళ్లినాటి పాట కదా అని తల ఊపుతూ పోయాడు.

ఇంటికి వచ్చి అదే టోన్‌ను హెడ్‌ఫోన్స్‌లో విన్నది. చాలా వికారంగా ఉంది. జలుబు చేసినవాళ్లు ముక్కుతో పాడినట్టుంది. దీన్ని కరుణాకర్ ముందు వాయిస్తే ఉన్న చోటు కూడా పోతుందనిపించింది. లక్ష్మీరాజానికి ఫోన్ చేసి చెప్పుకుంది. ఆయన అవతల నవ్వాడు. ఒక్కటే వింటే బాగలేదంటే నువ్వు దారిలో పడ్డట్టేనని, దాన్ని మార్చకుండా ప్రోగ్రాముకు తెమ్మని చెప్పాడు.

తరువాతి ప్రోగ్రాము సిరిసిల్లలోనే పడింది. మార్కండేయ జయంతి నాడు పద్మశాలి సంఘం హాల్లో మధ్యాహ్నం పాటలు పెట్టారు. పొద్దున్నే సామాను దించి, ఒక్కొక్కరి సౌండ్ చూసుకుంటున్నారు. ప్రవళిక వంతు వచ్చి నాలుగు తీగలు మీటగానే కరుణాకర్ ముఖం చిట్లించాడు.

"గిదేం సప్పుడు? డబ్బ కొట్టినట్టున్నది."

ఆమె ఏదో చెప్పబోయింది. అంతకుముందే లక్ష్మీరాజం మిక్సర్ దగ్గరనుంచి చేయి ఎత్తి, అందరూ కలిసి ఒక్క పాట కొట్టాక మాట్లాడమన్నాడు. అందరూ కలిసి మొదలుపెట్టారు. గిటారు బిట్ వచ్చింది. డబ్బా సప్పుడు ఎక్కడికి పోయిందో పోయింది. డ్రమ్సుకూ గొంతుకూ మధ్య ఒక మనిషి వచ్చి నిలబడి మాట్లాడినట్టు గిటారు స్పష్టంగా వినిపించింది. కరుణాకర్ హాలు చివరిదాకా నడిచిపోయి, అక్కడ నిలబడి విని, వెనక్కి వచ్చి తరువాతి పాట మొదలుపెట్టమన్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. సాయిచంద్ కీబోర్డులో వయొలిన్ల గుంపు వాయించే చోట గిటారు మళ్లీ మునిగిపోతోంది. ఇద్దరి సప్పుడూ అదే మధ్య భాగంలో నిలబడుతోంది. ప్రవళిక వెళ్లి ఆ బిట్లలో ఎడమచేత్తో వాయించొద్దని అడిగింది. సాయిచంద్‌కు అది నచ్చలేదు. రేపో మాపో ఆ బిట్లు తన చేతికే రావాలి. ఇప్పుడు ఈమె కోసం తాను తగ్గడం ఏమిటి? ప్రవళిక జేబులోంచి బాపు కాగితం తీసి చూపించింది. కింద పడిన గీతను చూపించి, ఇవాళ హాల్లో కూర్చునే ముసలివాళ్లలో సగం మందికి ఇట్లాంటి గీతే ఉంటుందని చెప్పింది. సాయిచంద్ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. వాళ్ల తాత కూడా సాంచాల మీద పనిచేసినవాడే.

"నా బిట్ల నువ్వు తగ్గాలె మరి," అన్నాడు.

"తగ్గుత," అంది ప్రవళిక.

మధ్యాహ్నానికి హాలు నిండింది. ముందంతా పిల్లలు, ఆడవాళ్లు. గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీల్లో పాత నేతగాళ్లు. పరశురాములు ఈసారి ముందు వరుసకు రాలేదు. హనుమండ్లు పక్కన కూర్చుని, స్టేజీ వైపు వీపు పెట్టి ఏదో ముచ్చట చెబుతున్నాడు. మొదటి పాట పల్లవి అయింది. ప్రవళిక బిట్ మొదలుపెట్టింది.

చెబుతున్న మాట మధ్యలో ఆపి పరశురాములు వెనక్కి తిరిగాడు. ఆయన ఒక్కడే కాదు. గోడ వారగా ఉన్న వరుసలో ఇంకో ఏడెనిమిది తలలు ఒకటి తరువాత ఒకటిగా ఇటు తిరిగాయి. అది చూసి ప్రవళిక వేలు ఒక చోట తప్పింది. ఒక స్వరం పక్కకు పోయింది. సర్దుకుని, ఇక ప్రేక్షకుల వైపు చూడకుండా తీగల వైపే చూస్తూ పూర్తి చేసింది. తరువాతి పాటలో సాయిచంద్ వంతు వచ్చినప్పుడు, మాట ఇచ్చినట్టే గిటారు తగ్గించి అతనికి చోటిచ్చింది. అతను ఆ పూట ఎప్పటికన్నా బాగా వాయించాడు.

పాటలు అయ్యాక పరశురాములు స్టేజీ పక్కకు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా అంచు సవరించుకున్నాడు.

"ఇన్న బిడ్డా. మొదట్నుంచి ఆఖరు దాక ఇన్న."

ప్రవళిక ఆ మాటతోనే ఊరుకోవచ్చు. కానీ బాపుకు అబద్ధం చెప్పినట్టవుతుందనిపించింది.

"ఇంకా సన్నటి సప్పుడు గూడ ఉంటది బాపు. గది తీసేసి, నీకు అందేదే ఇనిపిచ్చిన."

పరశురాములు ఆలోచించాడు. "గా మిషన్ పెట్టుకుంటే గది గూడ ఇనబడుతదా?"

"జర ఇనబడుతదట."

అప్పటికి ఆయన ఇంటి దారి పట్టాడు. కానీ నాలుగు రోజుల తరువాత, ఎవరూ చెప్పకుండానే కరీంనగర్ బస్సెక్కి వచ్చి, కూతురి హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి కరీంనగర్‌లోనే ఉన్న డాక్టరు పద్మలత ఆసుపత్రికి పోయారు. మిషన్ అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. మొదటి వారం గిన్నెల సప్పుడుకు ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టేవాడు. ఒక రోజు వినోద బీడీల కోసం తునికాకు కత్తిరిస్తుంటే చాలాసేపు ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాడట. ఏమైందని అడిగితే, కత్తెర సప్పుడు వినబడుతోందని చెప్పాడట. షెడ్డులో మాత్రం మిషన్ తీసి బిరడాలు పెట్టుకుంటున్నాడు. ఆయనను చూసి హనుమండ్లు కూడా పెట్టుకుంటున్నాడు. వయసు పిల్లలు ఇంకా నవ్వుతున్నారు గానీ, అంతయ్య ఒక డబ్బా నిండా బిరడాలు తెచ్చి తలుపు దగ్గర పెట్టించాడు.

కరుణాకర్ తన మాట తప్పయిందని ఎప్పుడూ అనలేదు. ఎండాకాలం ప్రోగ్రాముల జాబితా రాసేటప్పుడు ప్రతిదాంట్లో గిటారు ఉంచాడు. సౌండ్ చూసేటప్పుడు ప్రవళికకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వమని లక్ష్మీరాజానికి చెప్పాడు. అంతే.

ఆ సీజనులో మొదటిది ఆదిలాబాద్. బడి మైదానంలో ఆరుబయట స్టేజీ. ప్రవళిక సిరిసిల్లలో కుదిరిన టోన్ పెట్టి మీటింది. బాగలేదు. అక్కడ గోడలు ఉన్నాయి, ఇక్కడ లేవు. సప్పుడంతా గాలికి కొట్టుకుపోతోంది. ఇదివరకైతే కంగారుపడేది. ఇప్పుడు లక్ష్మీరాజాన్ని పొడుగు వైరు అడిగి, గిటారు మెడలో వేసుకుని మైదానం చివరిదాకా నడిచింది. మధ్యలో రెండు చోట్ల ఆగి వాయించి, చేత్తో సైగ చేసింది. లక్ష్మీరాజం అటు మీటలు జరిపాడు. కింది బరువు కొంచెం తిరిగి రానిచ్చారు. ప్రతిధ్వని కూడా చిటికెడు కలిపారు.

ప్రోగ్రాముకు ఇంకా చాలా సమయం ఉంది. అయినా చివరి వరుసలో బుచ్చవ్వ అనే ముసలామె అప్పటికే వచ్చి కూర్చుంది. ఆ బడిలో వంట చేస్తుందట. ప్రవళిక ఆమె పక్కన నిలబడి ఒక బిట్ మొత్తం వాయించి, వినబడుతుందా అవ్వా అని అడిగింది.

"మంచిగ ఇనబడుతుంది," అంది బుచ్చవ్వ. "నా కుర్చీ జర అటు జరుపు బిడ్డా, మొఖం మీద ఎండ కొడుతుంది."

ప్రవళిక గిటారు వీపు మీదికి తిప్పుకుని, వంగి, కుర్చీని నీడలోకి జరిపింది.